కంది గింజంత లేపనం

2019 మే నెల చివరి వారం. రోహిణీ కార్తె ప్రవేశించింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అన్నమాట అక్షరాలా నిజమనిపించిన రోజులవి. మా యూనిట్ సరుకు ద్వారం వద్దనున్న వేబ్రిడ్జి గదిలోని కంప్యూటరు సరిగ్గా ఆ వారంలోనే మొరాయించసాగింది. ఉదయం పూట చక్కగా పనిచేసేది. పదకొండు గంటలు దాటేసరికి మందగించేది. ఒక్కొక్క తూకపు చీటీ వెలువడడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో తెర నల్లబడి యంత్రం తనంతట తానే ఆగిపోయేది. కొంత విరామం తరువాత మరల పనిచేసేది, మరల ఆగేది. ద్వారం బయట లారీలు బారులు తీరాయి. డ్రైవర్లు, క్లీనర్లు లారీల నీడలోనే కూర్చుని మంచినీళ్ళ కోసం మా సెక్యూరిటీ సిబ్బందిని అడుగుతున్న దృశ్యం నేటికీ మా కళ్ళముందు మెదులుతున్నది. చేతితో వ్రాసిన చీటీలతో మూడు రోజులు గడిపాము.

లోపం ఎక్కడున్నదో కనుగొనవలసిన బాధ్యత మా విభాగానిది. విద్యుత్ సరఫరాను పరీక్షించాము. యు.పి.ఎస్.ను మార్చాము. మెమొరీ కార్డులను తీసి, తుడిచి, తిరిగి అమర్చాము. చివరకు కంప్యూటరు మూత తెరచి, ప్రాసెసరుపైనున్న హీట్ సింకు మీద చేయి ఉంచి చూశాము. అది గోరువెచ్చగా మాత్రమే ఉన్నది. ఫ్యాను తిరుగుతూనే ఉన్నది. కనుక ఇది వేడి వల్ల కలిగిన సమస్య కాదని తీర్మానించాము.

ఇక మిగిలినది మనుషులను అనుమానించడమే. పది రోజుల క్రితం ఆ యంత్రాన్ని శుభ్రపరచినది మా విభాగంలోని ఒక యువ టెక్నీషియన్. ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. అతడు చేయి పెట్టిన నాటి నుండే ఇబ్బంది మొదలైనది గనుక, అతడి అజాగ్రత్త వల్లనే ఏదో భాగం చెడినదని భావించి, సంజాయిషీ కోరుతూ మెమో జారీ చేశాము. దాని క్రింద ఉన్న సంతకం మాదే.

మరునాడు ఆ యువకుడు మెమో కాగితం చేతబట్టుకుని మా గదికి వచ్చాడు. "సార్, హీట్ సింకు చల్లగా ఉందనే నాకు అనుమానంగా ఉంది. ఒక్కసారి బయోస్‌లో చూడండి" అన్నాడు. వెళ్ళి చూశాము. తెరపై ప్రాసెసరు ఉష్ణోగ్రత 94 డిగ్రీల సెల్సియస్! దానిపైనే కూర్చున్న హీట్ సింకు మాత్రం చేతికి గోరువెచ్చన. రెండింటి మధ్యనున్న దూరం వెంట్రుక మందమైనా లేదు. ఆ కొద్దిపాటి సందులోనే వేడి చిక్కుబడిపోయినదన్నమాట.

కూలరును విప్పి చూడగా, రెండు లోహాల మధ్య ఉండవలసిన లేపనం పాతగోడ సున్నంవలె పెచ్చులూడి కనిపించింది. అప్పుడతడు తగ్గు స్వరంతో, "ఆ రోజు పేస్టు కావాలని అడిగాను సార్. స్టోర్సులో లేదన్నారు" అని గుర్తు చేశాడు. నిజమే. ఫ్యాను క్రింద పేరుకున్న దుమ్ము తీయడానికి కూలరును విప్పవలసి వచ్చినదని, క్రొత్త పేస్టు కావాలని అతడు ఫోనులో అడిగినప్పుడు, "ఉన్నదానితోనే బిగించు" అని చెప్పినది మేమే. అంతకు ముందు త్రైమాసికపు ఇండెంటులో 'థర్మల్ పేస్టు' అన్న వరుసను పొదుపు పేరిట ఎర్ర సిరాతో కొట్టివేసినదీ మేమే.

ఆ అనుభవమే ఈ వ్యాసానికి ప్రేరణ. కంప్యూటరు లేని విభాగం నేడు మన సంస్థలో లేదు. పాఠక మిత్రులలో అనేకుల ఇళ్ళలోనూ ఉన్నది. కనుక ఈ లేపనం ఏమిటి, దేనిని ఎంచుకోవాలి, ఎట్లా పూయాలి అన్న విషయాలను మాకు తెలిసినంతవరకు వివరించ ప్రయత్నిస్తాము.

వేడి కథ

మేము ఉద్యోగంలో చేరిన 1990ల తొలినాళ్ళలో కార్యాలయాలకు వచ్చిన 80386 ప్రాసెసర్లపై సాధారణంగా హీట్ సింకు అనేదే ఉండేది కాదు. అవి వెలువరించే కొద్దిపాటి వేడి చుట్టూ ఉన్న గాలిలోనికి పోయేది. 1989లో 80486 వచ్చింది. దానిలో 1992 నాటి వేగవంతమైన రకాలకు హీట్ సింకు అవసరమయింది. 1993లో వచ్చిన తొలి పెంటియం సుమారు 15 వాట్ల వేడిని వెలువరించేది. నేడు సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసరుకు 65 వాట్లు మామూలు సంఖ్య. 2022లో విడుదలైన కోర్ ఐ9-13900కె ప్రాసెసరు పూర్తి వేగంతో పనిచేయునప్పుడు 253 వాట్ల వరకు వినియోగించగలదని తయారీదారే ప్రకటించారు. వినియోగించిన విద్యుత్తు దాదాపుగా అంతయూ వేడిగానే మారుతుంది. రెండు పెద్ద ఫిలమెంటు బల్బుల వేడి తపాలా బిళ్ళంత సిలికాన్ ముక్కలో పుడుతున్నదని ఊహించుకుంటే సమస్య తీవ్రత బోధపడుతుంది.

ఈ వేడి సిలికాన్ ముక్క నుండి దానిపైనున్న లోహపు మూతకు, మూత నుండి కూలరు అడుగు భాగానికి, అక్కడి నుండి రెక్కలకు, రెక్కల నుండి గాలికి ప్రయాణించాలి. సిలికాన్‌కు, మూతకు నడుమ తయారీదారే ఒక పొర నింపి పంపుతాడు. అది మన చేతిలో లేదు. మూతకు, కూలరుకు నడుమనున్న సందు మాత్రం పూర్తిగా మన బాధ్యత.

నునుపు అనుకున్నది నునుపు కాదు

ప్రాసెసరు మూత, కూలరు అడుగు భాగం రెండూ కంటికి అద్దంలా కనిపిస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ కొండలు, లోయలే. పైగా రెండు తలాలూ సంపూర్ణంగా సమతలంగా ఉండవు. ఒకటి మధ్యలో కాస్త ఉబ్బి ఉంటే మరొకటి కాస్త పల్లంగా ఉండవచ్చును. అటువంటి రెండింటిని ఒకదానిపై నొకటి ఉంచినప్పుడు అవి నిజంగా తాకేది కొన్ని శిఖరాల వద్దనే. మిగిలిన చోటంతా గాలి నిండి ఉంటుంది.

గాలి ఎంతటి నిరోధకమో అంకెలలో చూద్దాం. ఉష్ణవాహకతను మీటరు-కెల్విన్‌కు ఇన్ని వాట్లని లెక్కిస్తారు. ఆ ప్రమాణంలో రాగికి సుమారు 400, అల్యూమినియానికి సుమారు 235 ఉండగా, గాలికి కేవలం 0.026. అనగా రాగి కన్నా గాలి పదిహేను వేల రెట్లు అధమ వాహకం. చలికాలంలో రెండు దుప్పట్లు కప్పుకున్నప్పుడు మనను కాపాడేది వాటి నడుమ చిక్కుకున్న గాలియే. ఆ సద్గుణమే ఇక్కడ దుర్గుణమై కూర్చున్నది. ఉష్ణలేపనం చేసే పని ఒక్కటే: ఆ లోయలలోని గాలిని వెళ్ళగొట్టి, ఆ స్థలాన్ని తాను ఆక్రమించడం.

ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. మన డ్రైవ్ ప్యానెళ్ళలోని థైరిస్టర్ల క్రింద, పాత విద్యుత్ సరఫరా యంత్రాలలోని పవర్ ట్రాన్సిస్టర్ల క్రింద తెల్లని హీట్ సింకు కాంపౌండ్ పూయడం మన ఎలక్ట్రికల్ సోదరులకు చిరపరిచితం. ఆ ట్రాన్సిస్టర్లకు, హీట్ సింకుకు నడుమ విద్యుత్తు ప్రవహించకుండా పలుచని అభ్రకపు రేకును ఉంచి, దానికి రెండువైపులా ఆ కాంపౌండ్ పూసేవారు. అభ్రకం అనగానే నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతపు గనులు గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. 1980లో ఐ.బి.ఎం. సంస్థ తన 3081 కంప్యూటరులో ఈ సమస్యనే వేరొక విధంగా పరిష్కరించింది. చిప్పులపై స్ప్రింగులతో ఒత్తిడి కలిగించే చిన్న లోహపు పిస్టన్లను నిలిపి, వాటి చుట్టూ సందులలో గాలికి బదులు హీలియం వాయువును నింపింది. హీలియం ఉష్ణవాహకత గాలి కన్నా సుమారు ఆరు రెట్లు. సందులోని గాలిని ఎంత గౌరవంగా శత్రువుగా భావించారో దీనినిబట్టి గ్రహించవచ్చును.

ఒక చిన్న లెక్క

1822లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫోరియర్ ప్రచురించిన ఉష్ణ ప్రసరణ సిద్ధాంతం ప్రకారం, ఒక పొరకు ఇరువైపులా ఏర్పడే ఉష్ణోగ్రతా భేదం ఆ పొర మందానికి అనులోమంగాను, దాని వాహకతకు, వైశాల్యానికి విలోమంగాను ఉంటుంది. ఈ సూత్రాన్ని మన ప్రాసెసరుకు అన్వయిద్దాం. వేడి 65 వాట్లు. మూత వైశాల్యం 3 సెంటీమీటర్లు పొడవు, 3 సెంటీమీటర్లు వెడల్పు అనుకుందాం. లేపనం మందం 0.05 మిల్లీమీటరు.

లేపనం వాహకత 1 అయితే, ఆ పొర వద్ద 3.6 డిగ్రీల భేదం ఏర్పడుతుంది. వాహకత 4 అయితే 0.9 డిగ్రీ. వాహకత 8 అయితే 0.45 డిగ్రీ. ఆ స్థలమంతా గాలియే ఉన్నట్లయితే లెక్క ప్రకారం సుమారు 139 డిగ్రీలు! వాస్తవంలో లోహాలు అక్కడక్కడ తాకుతూనే ఉంటాయి గనుక అంత రాదు. అట్లే వేడి మూత అంతటా సమానంగా పరచుకొనక నడిమి భాగంలో అధికంగా ఉంటుంది గనుక, లేపనం వద్ద భేదం పై లెక్క కన్నా కొంత హెచ్చుగానే ఉంటుంది. అయినప్పటికీ ఈ లెక్క రెండు సత్యాలను చెబుతున్నది.

మొదటిది: లేపనం ఉండుటకు, లేకపోవుటకు నడుమ భేదం అపారం. సాధారణ లేపనానికి, ఖరీదైన లేపనానికి నడుమ భేదం స్వల్పం. రెండవది: వాహకత 4 ఉన్న లేపనాన్నే 0.05కు బదులు 0.2 మిల్లీమీటరు మందంగా ఉంచితే భేదం 0.9 నుండి 3.6 డిగ్రీలకు పెరుగుతుంది. అనగా మంచి లేపనాన్ని మందంగా ఉంచడమూ, నాసిరకం లేపనాన్ని పలుచగా ఉంచడమూ ఒక్కటే. డబ్బు పెట్టి కొన్న గుణాన్ని చేతి తీరు పోగొట్టగలదు.

చల్లదనం చేసిన మోసం

మేము చేసిన పొరపాటును ఇప్పుడు పరిశీలిద్దాం. హీట్ సింకు చల్లగా ఉన్నదంటే ప్రాసెసరు చల్లగా ఉన్నదని అర్థం కాదు. వేడి అక్కడకు చేరలేదని కూడా అర్థం కావచ్చును. పంపు చెడినప్పుడు దాని తరువాతి గొట్టం ఖాళీగా ఉండడం వంటిదే ఇది. ఖాళీ గొట్టాన్ని చూసి, "లీకేజీ లేదు" అని సంతోషించేవారు ఎవరుంటారు? మేము చేసినది మాత్రం అదే.

కనుక రెండు ఉష్ణోగ్రతలనూ కలిపి చూడడం నేర్చుకోవాలి. ప్రాసెసరు లోపలి సెన్సరు చూపే అంకె హెచ్చుగా ఉండి, హీట్ సింకు కూడా చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే, లేపనం తన పని తాను చేస్తున్నట్లే. అప్పుడు ఫ్యానును, రెక్కలలోని దుమ్మును, గది ఉష్ణోగ్రతను చూడాలి. సెన్సరు అంకె హెచ్చుగా ఉండి హీట్ సింకు మాత్రం గోరువెచ్చగా ఉంటే, లోపం ఆ రెండింటి నడుమనే ఉన్నది. లేపనం ఎండి ఉంటుంది, లేదా కూలరు ఒక మూల బిగుతు తప్పి ఉంటుంది. వేడి గొట్టాలున్న కూలర్లలో ఆ గొట్టం చెడినా ఇట్లే కనిపిస్తుందని గమనించాలి.

నేటి ప్రాసెసర్లు తమను తాము కాపాడుకుంటాయి. ఉష్ణోగ్రత హద్దుకు చేరగానే, అనేక రకాలలో ఆ హద్దు 100 డిగ్రీల దరిదాపులలో ఉంటుంది, అవి ముందుగా తమ వేగాన్ని తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రాన్ని ఆపివేస్తాయి. వేబ్రిడ్జి కంప్యూటరు పదకొండు గంటలకు మందగించడం, రెండు గంటలకు ఆగిపోవడం అందువల్లనే. అది మూడు రోజుల పాటు తన బాధను క్రమపద్ధతిలో చెప్పుకున్నది. మేమే వినలేదు.

ఏది ఎంచుకోవాలి?

బజారులో దొరికే ఉష్ణలేపనాలను స్థూలంగా ఇట్లా విభజించవచ్చును.

తెల్లని సిలికోన్ కాంపౌండ్: సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్ పొడి కలిపినది. వాహకత 1కి అటు ఇటుగా ఉంటుంది. చవక, విద్యుత్ నిరోధకం. తక్కువ వేడి వెలువరించే కార్యాలయ కంప్యూటర్లకు ఇది చాలును.

సిరామిక్, లోహ చూర్ణ లేపనాలు: అల్యూమినియం ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్ వంటి సన్నని పొడులు దట్టించి, కొన్నింటిలో అల్యూమినియం లేక వెండి చూర్ణం కలిపి తయారుచేసేవి. బూడిద వర్ణంలో ఉంటాయి. చాలావరకు కంప్యూటర్లకు ఇవే తగినవి. వీటిలో విద్యుత్తును ప్రవహింపజేయనివని తయారీదారు స్పష్టంగా పేర్కొన్నవాటినే ఎంచుకోవడం క్షేమం.

ద్రవ లోహం: గాలియం, ఇండియం, తగరం వంటి లోహాల మిశ్రమం. వాహకతలో మిగిలినవాటి కన్నా మిన్న. కాని ఇది విద్యుత్ వాహకం. ఒక్క చుక్క ప్రక్కకు జారి సర్క్యూట్ బోర్డుపై పడితే యంత్రం నష్టపోవచ్చును. అంతేకాదు, గాలియం అల్యూమినియంలోనికి చొచ్చుకుపోయి దానిని పెళుసుగా మార్చివేస్తుంది. అల్యూమినియం అడుగు భాగమున్న కూలరుపై దీనిని ఎన్నడూ వాడరాదు. కార్యాలయ యంత్రాలకు ఇది అనవసరమని మా అభిప్రాయం.

స్థితి మారే పలకలు: గది ఉష్ణోగ్రత వద్ద గట్టిగా ఉండి, సుమారు 45 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి సందులలోనికి వ్యాపించే పలుచని రేకులు. చిందరవందర ఉండదు, దీర్ఘకాలం మన్నుతాయి. మాటిమాటికి విప్పే వీలులేని చోట, ల్యాప్‌టాప్‌లలో ఇవి చక్కగా ఉపకరిస్తాయి.

మందమైన మెత్తని రబ్బరు వంటి పలకలు మరొక రకం. ఇవి మెమొరీ చిప్పులు మొదలైనవాటికి ఉద్దేశించినవి. ప్రాసెసరుపై లేపనానికి బదులుగా వాడరాదు.

కొనుగోలు చేయునప్పుడు ట్యూబుపై ముద్రించిన వాహకత అంకె ఒక్కటే ప్రమాణం కారాదు. ఆ అంకెను ఏ పద్ధతిలో, ఎంత ఒత్తిడిలో కొలిచారన్నది ముఖ్యం. పొరల ఉష్ణ నిరోధాన్ని కొలవడానికి ఏ.ఎస్.టి.ఎం. డి5470 అనే ప్రామాణిక పరీక్షా విధానం ఉన్నది. ఆ విధానంలో కొలిచిన ఉష్ణ నిరోధం వివరాలను సాంకేతిక పత్రంలో అడగవచ్చును. లేపనం ఎంత పలుచగా పరచుకోగలదు, ఎంత ఉష్ణోగ్రత వరకు తట్టుకోగలదు, నిల్వ గడువు ఎంత అన్నవి కూడా చూడాలి. మన స్పెసిఫికేషన్‌లో ఇవేవీ వ్రాయక 'థర్మల్ పేస్టు' అని మాత్రమే వ్రాస్తే, అతి తక్కువ ధరకు వచ్చినది కొనక తప్పదు. అప్పుడు నేరం సరఫరాదారునిది కాదు, ఇండెంటు వ్రాసిన చేతిది.

పెద్ద డబ్బాలలో కొనడం కూడా పొదుపు కాదు. నాలుగు గ్రాముల సిరంజి పది, పదిహేను యంత్రాలకు వస్తుంది. మూత తెరచిన డబ్బా ఏళ్ళ తరబడి అలమరలో ఉంటే నూనె ఒకవైపు, పొడి ఒకవైపు విడిపోతాయి.

ఎట్లా పూయాలి?

1. విప్పే ముందు కంప్యూటరును పది నిమిషాలు నడపాలి. వెచ్చదనానికి పాత లేపనం మెత్తబడుతుంది. తరువాత యంత్రాన్ని ఆపి, విద్యుత్ తీగను తొలగించి, స్క్రూలు వదులు చేయాలి. కూలరును సూటిగా పైకి లాగరాదు. ఇటు అటు మెల్లగా త్రిప్పి పట్టు వదిలించాలి. కాళ్ళు ప్రాసెసరుకే ఉండే రకాలలో, గట్టిపడిన లేపనానికి అంటుకుని ప్రాసెసరే సాకెట్టు నుండి ఊడివచ్చి, కాళ్ళు వంగిపోయిన సందర్భాలు కలవు.

2. పాత లేపనాన్ని ముందుగా పొడి గుడ్డతో తుడవాలి. తరువాత నూగు రాలని గుడ్డను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి రెండు తలాలను శుభ్రపరచాలి. 2020 నుండి ప్రతి బల్లపైనా కనిపించిన చేతుల శానిటైజరును ఇందుకు వాడరాదు. అందులోని గ్లిజరిన్ వంటి పదార్థాలు జిడ్డు పొరగా మిగిలిపోతాయి. శుభ్రపరచిన తలాన్ని వ్రేలితో తాకరాదు. బ్లేడు, స్క్రూడ్రైవరు ప్రయోగించరాదు.

3. కూలరు క్రొత్తదయితే అడుగున రక్షణ కోసం అంటించిన ప్లాస్టిక్ పొర ఉన్నదేమో చూచి తీసివేయాలి. ఇది హాస్యాస్పదంగా తోచవచ్చును. కాని అనుభవజ్ఞులు సైతం మరచిపోయేది ఇదే.

4. ఇక పరిమాణం. 3 సెంటీమీటర్ల చదరపు తలంపై 0.05 మిల్లీమీటరు మందానికి కావలసినది 45 ఘన మిల్లీమీటర్లు మాత్రమే. దానిని బంతిగా చుడితే వ్యాసం 4.4 మిల్లీమీటర్లు, అనగా సుమారు ఒక మినప గింజంత. అంచుల వరకు చేరడానికి కొంత అదనం కలుపుకుంటే కంది గింజంత. అంతే! ఆ బిందువును మూత నడిమధ్యలో ఉంచాలి. పొడవుగా ఉండే ప్రాసెసర్లకు నిలువు గీతగా గాని, గుణకార చిహ్నం వలె రెండు సన్నని గీతలుగా గాని పెట్టవచ్చును. మూత అంచులలో కోతలు ఉండి చిన్న విడిభాగాలు బయటకు కనిపించే రకాలలో అధిక లేపనం అక్కడకు కారకుండా జాగ్రత్త వహించాలి. ల్యాప్‌టాప్‌లలో మూత లేక సిలికాన్ నేరుగా బయటకు ఉంటుంది. అక్కడ మాత్రం బిందువుపై ఆధారపడక, ప్లాస్టిక్ పలకతో మొత్తం తలాన్ని పలుచగా కప్పాలి. ఒక మూల మిగిలిపోయినా అక్కడ వేడి గుమిగూడుతుంది.

5. కూలరును నిటారుగా దించి, ఒక్కసారే ఆనించాలి. "సరిగా పరచుకున్నదా" అని ఎత్తి చూచి మరల అదే లేపనంపై ఉంచరాదు. ఎత్తినప్పుడు గాలి బుడగలు లోపల చేరుతాయి. ఎత్తవలసి వస్తే రెండింటిని శుభ్రపరచి మొదటి నుండి ఆరంభించాలి. మా టెక్నీషియన్ చేత మేము చేయించినది సరిగ్గా ఈ తప్పే. గట్టిపడిన పాత లేపనం ఒకసారి విరిగిన తరువాత మరల అతుక్కొనదు.

6. స్క్రూలను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా బిగించరాదు. ఆవిరి గొట్టపు ఫ్లాంజ్ బోల్టులను ఏ విధంగా ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా బిగిస్తామో ఇక్కడా అదే పద్ధతి. ఆ సమాన ఒత్తిడే లేపనాన్ని పలుచగా పరుస్తుంది.

7. ఫ్యాను తీగ అమర్చడం మరువరాదు. యంత్రాన్ని నడిపి, అరగంట సేపు పని భారం పెట్టి, ఉష్ణోగ్రతను గమనించి లాగ్ పుస్తకంలో తేదీతో నమోదు చేయాలి. రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఆ అంకెయే ఆధారం.

పరిమాణం విషయంలో మా స్వీయానుభవం ఒకటి. ఆనాటి సాయంత్రం ఎలక్ట్రికల్ విభాగం నుండి తెల్లని కాంపౌండ్ తెప్పించి, చేసిన తప్పుకు పరిహారమన్నట్లు మేమే స్వహస్తాలతో దోసెపై వెన్న రాసినట్లు ధారాళంగా పూశాము. ఉష్ణోగ్రత 94 నుండి 74కు దిగింది. మరునాడు ఆ యువకుడు అదంతా తుడిచి, అదే కాంపౌండును కంది గింజంత పెట్టి, స్క్రూలను మూలలవారీగా బిగించాడు. అదే పని భారానికి 69 వద్ద నిలిచింది. అధికంగా పూసినది సాధారణంగా ఒత్తిడికి ప్రక్కలకు పోతుంది, పెద్ద ప్రమాదం లేదు. కాని చిక్కని కాంపౌండుకు బలహీనమైన బిగింపు తోడైతే పొర మందంగానే మిగులుతుందని ఆ ఐదు డిగ్రీలు మాకు నేర్పాయి.

అత్యవసరమని టూత్ పేస్టు వంటివి పూసి చూచినవారూ ఉన్నారు. అవి తడిగా ఉన్నంతసేపు పనిచేసినట్లే కనిపిస్తాయి. నీరు ఆవిరయ్యాక మిగిలేది సుద్దపొడి. అటువంటి ప్రయోగాలు వద్దు.

ఎప్పుడు మార్చాలి?

కూలరును విప్పిన ప్రతిసారి మార్చాలి. ఇది మినహాయింపు లేని నియమం. విప్పకుండా ఉన్నప్పుడు మాత్రం క్యాలెండరు చూచి మార్చవలసిన పని లేదు. మంచి లేపనం చాలా ఏళ్ళు మన్నుతుంది. అయితే యంత్రం రోజూ వేడెక్కి, చల్లబడుతున్నప్పుడు లోహాలు వ్యాకోచించి, సంకోచించి, లేపనాన్ని కొద్దికొద్దిగా అంచులకు నెట్టివేస్తాయి. నూనె క్రమంగా విడిపోయి మిగిలినది ఎండుతుంది. లాగ్ పుస్తకంలోని అంకెతో పోల్చినప్పుడు, దుమ్ము తుడిచిన తరువాత కూడా, అదే గది ఉష్ణోగ్రతకు, అదే పని భారానికి పది డిగ్రీలకు మించి పెరుగుదల కనిపిస్తే లేపనం మార్చవచ్చునని మా విభాగంలో నియమం పెట్టుకున్నాము. వేసవికి ముందే, మార్చి నెలలో ఈ తనిఖీ పూర్తి చేస్తున్నాము.

లేపనం సర్వరోగ నివారిణి కాదని కూడా చెప్పాలి. గాలితో చల్లబరచే కూలరు ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కన్నా క్రిందకు దింపజాలదు. గదిలో 42 డిగ్రీలు ఉండి, రెక్కల నిండా దుమ్ము ఉంటే, ఎంత ఖరీదైన లేపనమైనా నిస్సహాయమే.

చివరి మాట

వేబ్రిడ్జి కంప్యూటరు ఆ వేసవి అంతా మరల ఆగలేదు. ఆ యువకునికి ఇచ్చిన మెమోను లిఖితపూర్వకంగా ఉపసంహరించుకున్నాము. లోపానికి కారణం సామగ్రి లేకపోవడమని, ఆ సామగ్రిని ఇండెంటు నుండి తొలగించినది విభాగాధికారియేనని ఫైలులో నమోదు చేశాము. ప్రొబేషన్ పూర్తిచేసుకున్న అతడే నేడు క్రొత్తగా చేరిన వారికి ఈ పని నేర్పుతున్నాడు. "హీట్ సింకు చల్లగా ఉంటే సంతోషించకండి, ముందు సెన్సరు చూడండి" అన్నది అతడు చెప్పే మొదటి పాఠం.

ఇండెంటులో మేము కొట్టివేసిన వస్తువు విలువ కొన్ని వందల రూపాయలు. దానివల్ల ఎండలో నిలిచిన లారీలు, ఆగిన సరుకు, ఒక యువ ఉద్యోగి నిద్రలేని రాత్రి, వీటి విలువను ఏ పద్దు క్రింద వ్రాయగలము? పొదుపు మంచిదే. కాని వరుసను కొట్టివేసే ముందు, ఆ వస్తువుతో పనిచేసే చేతులను ఒక్కమాట అడగడం అంతకన్నా మంచిది. పాఠక మిత్రులు తమ విభాగాలలోని కంప్యూటర్ల ఉష్ణోగ్రతలను ఈ వేసవికి ముందే ఒకసారి పరిశీలించగలరని ఆశిస్తున్నాము.